ఇన్‌పుట్ ఫిల్టర్ పెట్టగానే కన్వర్టరు కీచుమంటోంది, ఇంపీడెన్స్ కొలవమంటున్నారు, ఎలా?

ఆటోనగర్_శీను
మాది గాజువాక ఆటోనగర్లో చిన్న యూనిట్, నలుగురం. 48 వోల్టుల బ్యాటరీ మీద నడిచి 12 వోల్టులు 20 ఆంపియర్లు ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్లు చేసి ఈ-ఆటోలు బిగించేవాళ్ళకి ఇస్తాం. మూడేళ్ళ నుంచీ అదే బోర్డు, ఒక్క కంప్లైంటు లేదు. మొన్న ఈఎంఐ టెస్టు, అదే బోర్డు బయటికి వదిలే ఎలక్ట్రికల్ నాయిస్ చూసే టెస్టు, పోయిందని ముందు ఒక ఫిల్టర్ పెట్టాం, 100 మైక్రోహెన్రీ కాయిలు, దాని తర్వాత 10 మైక్రోఫారడ్ సిరామిక్‌లు రెండు. కాయిలు పెట్టాక డబ్బాలో చోటు చాల్లేదు, ఎత్తు అడ్డొస్తోందని పాత 220 మైక్రో ఎలక్ట్రోలిటిక్ తీసీసాం, సిరామిక్‌లు ఉన్నాయి కదా అని. అంతే, ఫుల్ లోడు మీద కీచుమని ఒకటే అరుపు. స్కోపు పెడితే ఇన్‌పుట్ మీద 5 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్, 48 మీద 15 వోల్టులు పైకీ కిందకీ ఊగుతోంది. లోడు 8 ఆంపియర్ల దాకా గప్‌చుప్, 9 దాటిందా మొదలు. ఔట్‌పుట్‌ని నిలబెట్టే ఫీడ్‌బ్యాక్ లూపు సెట్టింగు, అదే కాంపెన్సేషన్, మూడుసార్లు మార్చాను, స్లో చేశాను, ఫాస్ట్ చేశాను, తేడా లేదు. ఇంకో సంగతి, లెక్కేస్తే ఫిల్టర్ రెసొనెన్స్ 3.5 కిలోహెర్ట్జ్ రావాలి, 5 ఎందుకొస్తోంది? ఒకాయన ఇంపీడెన్స్, అదే ఏసీకి ఎదురయ్యే అడ్డు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంతుందో కొలిచి చూడు అన్నాడు, ఆ అనలైజర్ రేటు అడిగితే మా లేత్ మిషను కంటే ఎక్కువ చెప్పారు.

పూర్ణామార్కెట్_పండు
ఏటి గురూ, కాయిలు కీచుమంటే ఫెవిక్విక్ వేసీ. మా షాపులో అదే మందు.

ఆటోనగర్_శీను
వేసేను. ఇప్పుడు ఫెవిక్విక్‌తో సహా కీచుమంటోంది.

మద్దిలపాలెం_మాస్టారు
కాంపెన్సేషన్ ముట్టుకోవడం ముందు ఆపండి, జబ్బు అక్కడ లేదు. మామూలు హీటరు కాయిలు తీసుకోండి, సప్లై వోల్టేజి తగ్గితే అదీ తక్కువ కరెంటే లాగుతుంది, పెరిగితే ఎక్కువ. మీ కన్వర్టరు దీనికి పూర్తిగా అడ్డం. అవతల 12 వోల్టులు కదలకూడదని దాని పట్టుదల, అంటే ఎప్పుడూ ఒకటే పవరు కావాలి, ఇన్‌పుట్ కాస్త పడగానే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. వోల్టేజి తగ్గితే కరెంటు పెరగడం అంటే నెగటివ్ రెసిస్టెన్స్. దాని విలువ కూడా నోటి లెక్కే, వోల్టేజి స్క్వేరుని పవరుతో భాగించి ముందు మైనస్ పెట్టండి. మీది 240 వాట్లు, ఎఫిషియెన్సీ 93 శాతం అనుకుంటే ఇన్‌పుట్లో 258 వాట్లు, 2304 బై 258 అంటే మైనస్ 9 ఓములు దగ్గర దగ్గర. ఇప్పుడు ఫిల్టర్ సంగతి. కాయిలూ కెపాసిటరూ కలిసిన చోట రెసొనెన్స్ దగ్గర దాని ఔట్‌పుట్ ఇంపీడెన్స్ కొండలా లేస్తుంది. ఆ కొండ 9 ఓములు దాటిందంటే, ఊపుని చంపే పాజిటివ్ రెసిస్టెన్స్ కంటే ఊపుని పెంచే నెగటివ్ రెసిస్టెన్స్ గట్టిదైపోయినట్టే, ఉయ్యాలలో పిల్లాణ్ణి ఎవరో ప్రతిసారీ సరైన టైముకి తోస్తున్నట్టు. కాల్‌టెక్ ప్రొఫెసర్ మిడిల్‌బ్రూక్ 1976లోనే రాశాడు ఇది, ఫిల్టర్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా కన్వర్టరు ఇన్‌పుట్ ఇంపీడెన్స్ కంటే బాగా కింద ఉంచుకోమని. మీకు 8 దాకా బాగుండి 9 దగ్గర మొదలవుతోంది అన్నారు చూడండి, అది చాలా మంచి క్లూ. 8 ఆంపియర్ల దగ్గర మీ మైనస్ సుమారు 22 ఓములు, 9 దగ్గర 20. అంటే మీ ఫిల్టర్ కొండ ఎత్తు ఈ రెంటికీ మధ్యలో, ఓ 21 ఉండాలి. కొలవకుండానే కొలిచేశారు మీరు.

ఉప్పుగాలి
3.5కీ 5కీ తేడా నేను చెప్తా. లెక్కలో కెపాసిటరు 20 మైక్రో వేసుంటారు. సిరామిక్‌లకి డీసీ వోల్టేజి పడితే విలువ పడిపోద్ది, మంచి రకం అనుకునే ఎక్స్7ఆర్ అయినా సరే, 48 వోల్టుల కింద చాలా రకాలు సగానికి దిగిపోతాయి. 20కి బదులు 10 వేసి చూడండి, సరిగ్గా 5.03 కిలోహెర్ట్జ్ వస్తుంది.

ఆటోనగర్_శీను
ఎల్‌సీఆర్ మీటరు పెట్టి చూసే వేశాను కదండీ, రెండూ కలిపి 19.6 చూపించింది.

ఉప్పుగాలి
మీ మీటరు వోల్టో అర వోల్టో ఏసీ వేసి కొలుస్తుంది, డీసీ సున్నా. పనిలో ఉన్నప్పుడు దాని నెత్తి మీద 48 వోల్టులు కూర్చుంటాయి. ఖాళీ బస్తా తూచి బియ్యం బరువు చెప్పినట్టుంది.

రుషికొండ_రిపుల్
ఇంత కథ దేనికి, తీసేసిన 220 మళ్ళీ పెట్టీస్తే పోయె. ఇంపీడెన్సూ, నైక్విస్టు స్టెబిలిటీ లెక్కలూ ఇవన్నీ పేపర్లు రాసుకునేవాళ్ళకి. నేను పదిహేనేళ్ళ నుంచి లోడ్ స్టెప్ కొట్టి, అంటే లోడు ఒక్కసారిగా మార్చి చూస్తా, రింగింగ్ రెండు మూడు ఊపుల్లో చస్తే పాస్, లేకపోతే ఫెయిల్. ఒక్క ఎనలైజరు కొనలేదు.

మద్దిలపాలెం_మాస్టారు
పెడితే తగ్గుతుంది, కాదనను. కానీ ఎందుకు తగ్గుతుందో తెలియాలి. పాత కెపాసిటరు మిమ్మల్ని కాపాడింది 220 మైక్రో ఉండి ఒక్కటే కాదు, దాని ఈఎస్‌ఆర్, అంటే లోపలుండే చిన్న సిరీస్ రెసిస్టెన్స్ వల్ల కూడా. అందరూ తిట్టే ఆ ఈఎస్‌ఆరే మీ ఫిల్టర్‌కి బ్రేకు. రేపు పర్చేజ్ వాళ్ళు తక్కువ ఈఎస్‌ఆర్ పాలిమర్ది, రేటు కలిసొచ్చిందని తెస్తే మళ్ళీ కీచు రావచ్చు. మీ లోడ్ స్టెప్ కూడా మీ బెంచ్ సప్లై మీద, మీ బెంచ్ మీద ఒక్క మీటరు పొడవున్న వైరుతో పాస్ అయినట్టు. కస్టమరు బండిలో అయిదు మీటర్ల వైరుంటే? బ్యాటరీ దిగి 36 వోల్టులకి వస్తే ఆ 9 ఓములు కాస్తా 5 ఓములు. పాస్, ఫెయిల్ కాదు, ఎంత మార్జిన్ మిగిలిందో చెప్పేది ఇంపీడెన్స్ ఒక్కటే.

రుషికొండ_రిపుల్
సరే మాస్టారూ, ఆ వైరు మాట ఒప్పుకుంటా. మా దగ్గరా ఒకసారి ల్యాబ్‌లో బాగున్నది సైటులో ఊగింది, చివరికి చూస్తే ఎలక్ట్రీషియను ప్లస్ ఒక గోడ మీంచి, మైనస్ ఇంకో గోడ మీంచి లాగాడు. రెండు వైర్ల మధ్య గదంత ఖాళీ, ఇండక్టెన్స్ పెరక్కేం చేస్తుంది. మిగతాది ఒప్పుకోను.

పీహెచ్‌డీ_పెండింగ్
మిడిల్‌బ్రూక్ రూలు మరీ జాగ్రత్త మనిషి రూలు అని కూడా చెప్పాలి. ఫిల్టర్ ఇంపీడెన్స్‌ని కన్వర్టరు ఇంపీడెన్స్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి, దాన్నే మైనర్ లూప్ గెయిన్ అంటారు, దాన్ని గ్రాఫులో గీస్తే ఆ గీత మైనస్ ఒకటి అనే చుక్క చుట్టూ తిరగకూడదు, అసలు కండిషన్ అంతే. సైజు ఒకటి దాటినా ఫేజ్ కలిసొస్తే స్టేబుల్‌గానే ఉంటుంది. అన్ని ఫ్రీక్వెన్సీల్లో కిందే ఉండాలి అని పట్టుబడితే కెపాసిటర్లు లారీలో తేవాలి. తర్వాత వచ్చిన క్రైటీరియాలన్నీ ఆ నిషిద్ధ ప్రాంతాన్ని కాస్త కాస్త చిన్నది చెయ్యడానికే.

పూర్ణామార్కెట్_పండు
పెండింగ్ అన్నా, ఎన్నో సంవత్సరం?

పీహెచ్‌డీ_పెండింగ్
అడక్కూడని ప్రశ్న.

సౌండ్‌బాక్స్_సత్తిబాబు
శీను తమ్ముడూ, అనలైజరు లేకపోతే నష్టం లేదు. నీకు కావల్సినవి మూడు: చిన్న సైన్ వేవ్ పుట్టించేది, దాన్ని కరెంటుగా తోసేది, వోల్టేజీ కరెంటూ రెండిటి సైజూ ఫేజూ చూసేది. ఇప్పుడొచ్చే స్కోపుల్లో జనరేటరు ఉంటే చాలావాటిలో బోడె ప్లాట్ ఆప్షనూ, అంటే ఫ్రీక్వెన్సీ వారీగా సైజూ ఫేజూ గీసేది, ఉంటుంది, చూసుకో. తోసేదానికి ఆడియో యాంప్లిఫయరు చాలు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు దాని రాజ్యమే, నీ గోల 5 కిలోహెర్ట్జ్ దగ్గర. వినాయక చవితి మండపానికి ఇచ్చే 100 వాట్ల డబ్బా నా దగ్గర ఖాళీగా ఉంది, ఎన్ఏడీ జంక్షన్ దగ్గరికొచ్చి పట్టుకెళ్ళు.
నానోవీఎన్ఏ, ఆ రేడియో ఫ్రీక్వెన్సీల చిన్న అనలైజరు, కొనుక్కోమని ఎవడైనా చెప్తే వినకు, రకాన్ని బట్టి అది మొదలయ్యేదే 10, 50 కిలోహెర్ట్జ్ దగ్గర.

ఆటోనగర్_శీను
డబ్బా తెచ్చాను సత్తిబాబన్నా, థాంక్స్. రెండు రోజులు కుస్తీ పట్టాను, కొలతలు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి. టొరాయిడ్ మీద చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు సెకండరీని ఇన్‌పుట్ వైర్లో సిరీస్‌లో పెట్టి ప్రైమరీకి యాంప్లిఫయరు ఇచ్చాను, లూప్ గెయిన్ కొలిచేవాళ్ళు అలాగే పెడతారని వీడియోలో చూసి. కన్వర్టరు ఆపేసి ఉంటే బాగానే సిగ్నల్ వెళ్తోంది, లోడు ఎక్కించగానే సిగ్నల్ మాయం. ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కలేదు, కాల్లేదు, ఉత్తినే పడుకుంటోంది.

ఉప్పుగాలి
ఆ వీడియోలో వాళ్ళు పెట్టింది ఫీడ్‌బ్యాక్ వైర్లో, అక్కడ డీసీ దాదాపు లేదు. నువ్వు పెట్టింది 5 ఆంపియర్లు పారే మెయిను వైర్లో. ఆ డీసీ అయస్కాంతంతో కోరు నిండిపోయి శాచురేట్ అయిపోయింది, ఇక అది ట్రాన్స్‌ఫార్మరు కాదు, వైరు ముక్క.

సౌండ్‌బాక్స్_సత్తిబాబు
సిరీస్ ఒగ్గేయ్ అయితే. యాంప్లిఫయరు ఔట్‌పుట్ నుంచి 4.7 ఓముల లావు రెసిస్టరు, దాని తర్వాత 1000 మైక్రో 100 వోల్టుల కెపాసిటరు, దాన్ని తీసుకెళ్ళి ఇన్‌పుట్ ప్లస్ మైనస్‌ల మధ్య పెట్టు. డీసీని కెపాసిటరు ఆపుద్ది, సైన్ మాత్రం దూరుద్ది. కెపాసిటరు ఛార్జ్ అయ్యేదాకా యాంప్లిఫయరు కలపకు, ముందు 1 కిలోఓము ద్వారా నింపు. నేను ఒకసారి ఈ మాట మర్చిపోయి ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు రెండూ ఆవిరి చేశాను, దసరా ముందు రోజు.

పీహెచ్‌డీ_పెండింగ్
ఒక చిన్న జోడింపు. ఇలా పక్క నుంచి కరెంటు తోసినప్పుడు అది రెండు దారులుగా చీలుతుంది, ఏ వైపు ఇంపీడెన్స్ తక్కువో అటే ఎక్కువ పోతుంది. బ్యాటరీ వైపు మిల్లీఓములే, కాబట్టి కన్వర్టరు వైపు పోయేది చిటికెడు, నాయిస్‌లో కలిసిపోతుంది. అందుకే చిన్న ఇంపీడెన్స్ కొలవడానికి ప్యారలల్, పెద్దది కొలవడానికి సిరీస్ అంటారు. సిరీస్ కుదరనప్పుడు బ్యాటరీ వైరులో ఒక కాయిలు పెట్టి ఆ దారి కాస్త ఇరుకు చెయ్యాలి. ఇంకోటి, మీ సిస్టమ్ ఊగుతూ ఉండగా కొలిస్తే ఆ అంకెలకి అర్థం లేదు. కన్వర్టరుని ఫిల్టర్ లేకుండా పెద్ద ఎలక్ట్రోలిటిక్ పెట్టి నిలకడగా నడిపి దాన్ని విడిగా, ఫిల్టర్‌ని 48 వోల్టుల డీసీ ఇచ్చి విడిగా కొలవండి. కాగితం మీద కలపండి. ఆ పెద్ద కెపాసిటరు, కాయిలు రెండూ కరెంటు ప్రోబుకి బ్యాటరీ వైపు ఉండాలి, కన్వర్టరులోకి వెళ్ళేది మాత్రమే ప్రోబులో పడాలి.

లోకోషెడ్_లక్ష్మణ్
కన్వర్టరు ఒక్కటీ మంచిదే, సప్లై ఒక్కటీ మంచిదే, కలిస్తే గొడవ, ఇది మా వైపు పాత కథే. 1995లో స్విట్జర్లాండ్ జ్యూరిక్‌లో కొత్త రకం కన్వర్టర్ ఇంజన్లు లైన్ మీద ఎక్కువై, హార్మోనిక్స్ పెరిగిపోయి, వాటి ప్రొటెక్షనే వాటిని ఆపేసింది. ఇంజన్లు పాడవలేదు. లైనుకో రెసొనెన్స్ ఉంది, అదే ఫ్రీక్వెన్సీలో ఇంజను కన్వర్టర్లు ఊపుని తినకుండా ఊపుని తిరిగిచ్చాయి. ఇప్పుడు యూరప్‌లో కొత్త ఇంజను లైనెక్కాలంటే ఒక ఫ్రీక్వెన్సీ పైన అది ఊపుని తిరిగివ్వట్లేదా అని చూస్తారు, పాసివ్‌గా ఉండాలి అంటారు. మన శీను కన్వర్టరుకీ అదే పరీక్ష, సైజు తేడా.

భీమిలి_సోలార్
నాదీ ఇక్కడే రాస్తా, వేరే టాపిక్ తెరవను. భీమిలి అవతల ఒక రొయ్యల హేచరీ మీద మూడు ఇన్వర్టర్లు పెట్టాం, లైను చివర, ట్రాన్స్‌ఫార్మరు చాలా దూరం. పొద్దున్నంతా బాగుంటాయి, మిట్టమధ్యాహ్నం మూడూ ఫుల్‌కి వచ్చేసరికి వోల్టేజి వణికి ఒక్కొక్కటీ ట్రిప్. ఒకటి ఆపేస్తే మిగతా రెండూ బుద్ధిగా నడుస్తాయి, ఏది ఆపినా సరే! కంపెనీవాడు గ్రిడ్డు తప్పంటాడు, లైన్‌మన్ ఇన్వర్టరు తప్పంటాడు.

పీహెచ్‌డీ_పెండింగ్
ఇద్దరూ నిజమే చెప్తున్నారు, ఇద్దరూ సగమే చెప్తున్నారు. మీ ఇన్వర్టరు కరెంటు సోర్సు, గ్రిడ్డే దాని లోడు, కాబట్టి సోర్సుని లోడుతో భాగించే లెక్క తిరగబడుతుంది, పైన గ్రిడ్ ఇంపీడెన్స్, కింద ఇన్వర్టరు ఇంపీడెన్స్, జియాన్ సన్ 2011లో పెట్టిన క్రైటీరియన్ ఇదే. గ్రిడ్ ఎంత బలహీనమైతే పైది అంత పెద్దది. మూడు ఒకేలాంటి ఇన్వర్టర్లు ఒకే చోట ఉంటే ఒక్కోదానికీ గ్రిడ్ ఇంపీడెన్స్ మూడింతలుగా కనిపిస్తుంది, అందుకే ఏది ఆపినా చాలు. మధ్యాహ్నం రావడానికి కారణం పీఎల్ఎల్, గ్రిడ్ ఫేజ్ వెంట పరిగెత్తే ఆ లూపు వల్ల తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఇన్వర్టరు నెగటివ్ రెసిస్టెన్స్‌లా కనిపిస్తుంది, కరెంటు పెరిగేకొద్దీ అది ముదురుతుంది. పీఎల్ఎల్ బ్యాండ్‌విడ్త్ తగ్గించే సెట్టింగు ఇవ్వమని కంపెనీవాణ్ణి అడగండి.
ఇలాంటిది పెద్ద సైజులో 2009లో టెక్సాస్‌లో జరిగింది, ఒక లైను పోయి విండ్ ఫారం సిరీస్ కెపాసిటర్లున్న ఇంకో లైను మీద ఒంటరిగా మిగిలింది, సబ్‌సింక్రనస్ ఊపు, అంటే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఊపు వచ్చి టర్బైన్లలో పరికరాలు దెబ్బతిన్నాయి.
త్రీ ఫేజ్ కొలత మాత్రం శీను గారి అంత తేలిక కాదు, గ్రిడ్‌తో పాటు తిరిగే డీక్యూ ఫ్రేములోకి మార్చి రెండు బై రెండు మాట్రిక్స్ తియ్యాలి, ఒకే పాయింటు దగ్గర రెండు రకాల ఇంజెక్షన్లు కావాలి. నా పెండింగుకి అదే కారణం.

పూర్ణామార్కెట్_పండు
మరి మన గాజువాకలో 500 మెగావాట్లవి రెండు హెచ్‌వీడీసీ, అదే హై వోల్టేజి డీసీ కన్వర్టరు బ్లాకులున్నాయి కదా, అవీ కీచుమంటాయేటి? సత్తిబాబన్న డబ్బా సరిపోద్దా?

లోకోషెడ్_లక్ష్మణ్
అవి థైరిస్టర్లవి, లైన్ కమ్యుటేటెడ్, అంటే లైను వోల్టేజే వాటిని ఆపాలి, వాటి తిప్పలు వేరే రకం. ఆ డబ్బా మాత్రం అక్కడికి తీసుకెళ్ళకు, గేటు దగ్గరే ఆపేస్తారు.

భీమిలి_సోలార్
సెట్టింగు మార్చారు. నాలుగు రోజులైంది, మధ్యాహ్నాలు ట్రిప్ లేదు. కంపెనీవాడు ఇప్పుడు, మేం ముందే చెప్పాం కదా అంటున్నాడు.

ఆటోనగర్_శీను
కొలిచాను! కన్వర్టరుది ఫుల్ లోడు మీద 9.2 ఓములు, 100 హెర్ట్జ్ నుంచి 3 కిలోహెర్ట్జ్ దాకా గీత గీసినట్టు. కానీ ఫేజు సున్నా వస్తోంది. మైనస్ అయితే 180 రావాలి కదా మాస్టారూ? అంటే నా కన్వర్టరు నెగటివ్ రెసిస్టెన్స్ కాదా? అప్పుడు ఈ థ్రెడ్ అంతా వృథాయేనా?

ఉప్పుగాలి
క్లాంప్ ప్రోబు మీద బాణం గుర్తు ఏ వైపుంది?

ఆటోనగర్_శీను
...బ్యాటరీ వైపు.

రుషికొండ_రిపుల్
హహహ, ఇందుకే నేను లోడ్ స్టెప్ అన్నాను.

మద్దిలపాలెం_మాస్టారు
అందరం చేసిన తప్పే ఇది. ఏ కొలత ముందైనా కన్వర్టరు తీసి దాని చోట మామూలు 10 ఓముల వైర్‌వౌండ్ రెసిస్టరు పెట్టి కొలవండి, 10 ఓములు, ఫేజు సున్నా రావాలి. వస్తేనే తర్వాతది నమ్మండి. ఆ తర్వాత యాంప్లిఫయరు సౌండు సగానికి తగ్గించి మళ్ళీ కొలవండి, జవాబు మారకూడదు. మారిందంటే మీరు కన్వర్టరుని కొలవట్లేదు, ఊపేస్తున్నారు. అర వోల్టు, మహా అయితే వోల్టు చాలు.

ఆటోనగర్_శీను
బాణం తిప్పి, రెసిస్టరు పెట్టి సరిచూసి, నిన్న రాత్రి పదకొండింటి దాకా కూర్చుని మొత్తం తీశాను. కన్వర్టరు 9.2 ఓములు, ఫేజు 178, 5 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి 165కి జారింది. ఫిల్టర్‌ది 48 వోల్టులు ఇచ్చి కొలిస్తే కొండ కొన 5.1 కిలోహెర్ట్జ్ దగ్గర, ఎత్తు 21.4 ఓములు. మాస్టారు నోటి లెక్కలో 21 అన్నారు, నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అదే ఫిల్టర్‌ని డీసీ లేకుండా కొలిస్తే కొన 3.6కి పోయింది, ఉప్పుగాలి గారు చెప్పిందే.
తర్వాత 100 మైక్రో ఎలక్ట్రోలిటిక్ ఒకటి, దానికి సిరీస్‌లో 1 ఓము, సిరామిక్‌ల పక్కనే వేశాను. కొండ పోయి దిబ్బ అయ్యింది, 1.7 ఓములు. ఫుల్ లోడు మీద చప్పుడు లేదు, 36 వోల్టుల దగ్గర కూడా లేదు. అసలు ఫ్యాను శబ్దం ఇంత ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

పీహెచ్‌డీ_పెండింగ్
లెక్క ప్రకారం, సిరామిక్‌ల అసలు 10 మైక్రోకి పది రెట్లున్న కెపాసిటరుకి సరైన రెసిస్టరు 1.2 ఓములు, కొన 1.55 ఓములు. కెపాసిటరు ఈఎస్‌ఆర్ కూడా కలుస్తుంది కాబట్టి మీరు 1 వేయడం బాగానే కుదిరింది. నాలుగు రెట్లు వేసినా 2.7 దగ్గర ఆగేది, చోటు లేకపోతే 47 మైక్రో ప్రయత్నించొచ్చు.

రుషికొండ_రిపుల్
మొత్తానికి ఎలక్ట్రోలిటిక్ మళ్ళీ వచ్చింది, నేను ఆరో పోస్టో ఏడో పోస్టో, అక్కడే చెప్పాను చూస్కోండి.

మద్దిలపాలెం_మాస్టారు
మీరు 220 అన్నారు, ఆయన వేసింది 100, దానికో రెసిస్టరు. మీరు చెప్పింది మందు, ఆయన రాసుకున్నది డోసు.

రుషికొండ_రిపుల్
మాస్టారుతో గెలవలేం. శీనూ, ఒక బండిలో నీ డబ్బాలు మూడు పెడితే ఏం చేస్తావ్, మూడు 9లు ప్యారలల్ అయితే 3 ఓములే, బ్యాటరీ వైరు దానికి సరిపోద్దా? అది కొలిచావా?

ఆటోనగర్_శీను
కొలవలేదు. మంచి ప్రశ్నే, ఒక కస్టమరు బస్సులో రెండు పెట్టాడు కూడా. సిస్టమ్‌ని రెండు ముక్కలు చేసి కొలవడానికి వైరు దగ్గర కొయ్యాలా, ఫిల్టర్ దగ్గర కొయ్యాలా, రెండు చోట్లా కొలవాలా?

పీహెచ్‌డీ_పెండింగ్
రెండు చోట్లా. ఎక్కడ కోసినా స్టేబులా కాదా అన్న జవాబు ఒకటే రావాలి, కానీ మార్జిన్ అంకె కోసే చోటుని బట్టి మారుతుంది. డబ్బా ముందు కోస్తే అవతల బ్యాటరీ, వైరు, ఇవతల మూడు డబ్బాలు ఫిల్టర్లతో సహా.

ఉప్పుగాలి
ఎత్తు సమస్య ఏం చేశావ్? అసలు తీసిందే దానికోసం కదా.

ఆటోనగర్_శీను
పడుకోబెట్టాను, కాళ్ళు వంచి, కింద సిలికాన్ పెట్టి. బండి గుంతల్లో ఎగిరినా ఊడదు. ఇన్నాళ్ళూ ఇది తట్టలేదు.

సౌండ్‌బాక్స్_సత్తిబాబు
తమ్ముడూ, వైరు కొలతలు ఏవున్నా ఈ రాత్రికే కానిచ్చీ. డబ్బా రేపు పొద్దున్న ఎనిమిదింటికల్లా నా దగ్గర ఉండాలి, కంచరపాలెం మండపం వాళ్ళు అడ్వాన్స్ ఇచ్చేశారు. ఆ 1000 మైక్రో కెపాసిటరు మాత్రం డిశ్చార్జ్ చేసి పంపు, పోయినసారిలా కాదు.